పుట్టగొడుగు, వేరుసెనగ, కాన్సరు - ఒక పరిశోధన కథ



తొలకరి వానలు పడి నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, పుట్టల మీద తెల్లగా గొడుగులు విచ్చుకుంటాయి. పుట్ట మీద మొలిచే గొడుగు కనుక మనం దాన్ని పుట్టగొడుగు అన్నాం. మా పావగడ వైపు సంతలో కన్నడం మాట్లాడేవారు దాన్నే అణబె అంటారు. తమిళనాట ఉన్న మన వాళ్ళు ఇరుగుపొరుగుతో కాళాన్ అంటారు. ఒడిశాలో ఛతు, మహారాష్ట్రలో అళంబీ. పేరు ఏదైనా కూర ఒకటే. మాంసం కొనలేని ఇంట్లో ఆ నాలుగు రోజులూ అదే మాంసం.

అయితే ఈనాటి ప్రసంగం కూర గురించి కాదు. ఆ పుట్టగొడుగులో ఉన్న కొన్ని మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, కాన్సరు మీద పని చేస్తాయా అని దాదాపు డెబ్బై ఏళ్ళుగా సాగుతున్న అన్వేషణ గురించి. ఇది ఎక్కడో దూరదేశాల కథ అనుకోకండి. ఈ కథలో మన ఆముదం ఉంది, మన వేరుసెనగ ఉంది, మన ధార్వాడ ఉంది. నేను ఈ సంగతులు ఎందుకు చదవవలసి వచ్చిందో ముందు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం, మా బడిలో చదివే ఒక పిల్లవాడి తాత సాయంకాలం పూట మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక డబ్బా. దాని మీద అంతా ఇంగ్లీషు. "అయ్యోరా, ఇది పుట్టగొడుగుల పొడంట. గడ్డ కరిగిపోతుందంట, పెద్దాసుపత్రికి పొయ్యే పనే లేదంట. కొంచెం చదివి చెప్పండి" అన్నాడు. చదివాను. పుట్టగొడుగుల్లోని ప్రోటీన్లు కాన్సరు కణాలను అడ్డుకుంటాయని పరిశోధనల్లో తేలినట్టు రాసి ఉంది. నాకు అక్షరాలు వచ్చుగాని అందులోని విషయం రాదు. "అట్లనే రాసి ఉంది తాతా" అన్నాను. ఆ మాట ఆయనకు చాలింది. మూడు నెలలు ఆ పొడి మీదే గడిపాడు. చివరికి కొడుకులు ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు, ముందే వచ్చి ఉంటే బాగుండేదని డాక్టర్లు అన్నారు.

డబ్బా మీద ఉన్నది పూర్తిగా అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు నాకు తెలియలేదు. తరువాత తెలుసుకున్నాను. అదే మీతో పంచుకుంటున్నాను.

కథ ఆముదం గింజ దగ్గర మొదలవుతుంది. 1888లో డోర్పాట్ విశ్వవిద్యాలయంలో, అంటే నేటి ఎస్తోనియా దేశంలోని టార్టు పట్టణంలో, స్టిల్‌మార్క్ అనే యువకుడు ఆముదం గింజలలోని విషాన్ని పరీక్షిస్తున్నాడు. గింజల నుంచి తీసిన పదార్థాన్ని రక్తంలో కలిపితే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కట్టాయి. దానికి రైసిన్ అని పేరు పెట్టాడు. అది ఒక మాంసకృత్తి. ఆముదం నూనె తీసిన తరువాత మిగిలే పిండిలో అది ఉండిపోతుంది. అందుకే ఆ పిండిని పొలానికి ఎరువుగా వేస్తారు గాని పశువులకు పెట్టరు.

అలా కణాలను అంటించే మాంసకృత్తులు తరువాత ఎన్నో గింజలలో దొరికాయి. 1954లో బాయిడ్, షేప్లీ అనే శాస్త్రజ్ఞులు వాటికి లెక్టిన్లు అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో దానికి ఏరుకోవడం అని అర్థం. పేరు బాగా కుదిరింది. మన శరీరంలోని ప్రతి కణం ఒంటిమీద సన్నని నూగులాగా చక్కెర గొలుసులు ఉంటాయి. ఒక్కొక్క లెక్టిన్ తనకు కావలసిన చక్కెరను ఏరుకుని దానినే పట్టుకుంటుంది. తాళంచెవి తన తాళాన్నే పట్టుకున్నట్టు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మిగతా కథ సులభంగా అర్థమవుతుంది.

ఇక పుట్టగొడుగుల దగ్గరకు వద్దాం. 1957లో అమెరికాలో లూకాస్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. యూరపులో ఇష్టంగా తినే బొలీటస్ అనే పుట్టగొడుగు, దాని బంధువర్గంలోని మరికొన్ని రకాల రసాలు చిట్టెలుకల్లో పెంచిన ఒక రకం కాన్సరు గడ్డను అడ్డుకున్నాయని అందులో రాశారు. ఆ గడ్డకు సార్కోమా 180 అని పేరు. ఆ రోజుల్లో కొత్త మందు ఏది వచ్చినా మొదటి పరీక్ష దాని మీదే. మూడేళ్ళ తరువాత, 1960లో, ఫుట్‌బాల్ అంత పెరిగే ఒక గుండ్రని పుట్టగొడుగు నుంచి కాల్వాసిన్ అనే పదార్థాన్ని వేరు చేసినట్టు ప్రకటించారు. అది చక్కెరతో కలిసి ఉన్న మాంసకృత్తి. చిట్టెలుకల్లో ఒక గడ్డను కాదు, అనేక రకాల గడ్డలను అడ్డుకుంది. ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి. కాని కాల్వాసిన్ మందుల దుకాణానికి చేరలేదు.

సరిగ్గా అదే కాలంలో మరొక మొక్క చేరింది. మన ఇళ్ళ ముందు పూసే బిళ్ళగన్నేరు. 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు దాని ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని తీశారు. ఆ మొక్కలోనే ఉన్న విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది. ఈనాటికీ రక్త కాన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చే మందులలో అది ఒకటి. అలాగని బిళ్ళగన్నేరు ఆకు నమిలితే కాన్సరు తగ్గదు. ఆకు విషం. ఆకులో అతి కొద్దిగా ఉన్న పదార్థాన్ని వేరు చేసి, శుద్ధి చేసి, ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చి, రోగుల మీద పరీక్షించి సూదిమందు చేశారు. ఒకే కాలంలో బయలుదేరిన రెండింటిలో ఒకటి ఊరు చేరింది, ఒకటి దారిలో ఆగింది. పరిశోధనలో ఎక్కువ పదార్థాలకు జరిగేది రెండవదే.

1960ల చివరలో ఈ పని జపానుకు చేరింది. టోక్యోలోని జాతీయ కాన్సరు కేంద్రంలో ఇకెకావా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం జపాను వాళ్ళు రోజూ తినే పుట్టగొడుగులను వేడినీటిలో మరిగించి, ఆ కషాయాలను చిట్టెలుకల మీద పరీక్షించారు. 1969లో చిహారా అనే ఆయన షిటాకే పుట్టగొడుగు నుంచి లెంటినాన్ అనే పదార్థాన్ని తీసినట్టు ప్రకటించారు. అది 1985లో జపానులో మందుగా వచ్చింది. అంతకు ముందే, 1977లో, చెక్క మీద మొలిచే మరో శిలీంధ్రం నుంచి తీసిన క్రెస్టిన్ అనే మందుకు అక్కడ అనుమతి దొరికింది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. లెంటినాన్ మాంసకృత్తి కాదు, అది పెద్ద చక్కెర గొలుసు. క్రెస్టిన్ మాంసకృత్తితో కలిసిన చక్కెర గొలుసు. రెండవ సంగతి ఇంకా ముఖ్యం. ఈ రెండు మందులూ శస్త్రచికిత్సకూ ఇతర కాన్సరు మందులకూ తోడుగా ఇచ్చినవే, వాటికి బదులుగా ఇచ్చినవి కావు. 2010లు ముగిసే నాటికి ఆ రెండింటి అమ్మకమూ జపానులోనే ఆగిపోయింది.

ఇప్పుడు మన వేరుసెనగ రంగంలోకి వస్తుంది. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రోడ్స్ అనే వైద్యుడు, ఆయన బృందం పెద్దపేగు కాన్సరు మీద పని చేస్తున్నారు. కాన్సరు కణం ఒంటిమీద ఒక ప్రత్యేకమైన చక్కెర బయటపడుతుంది. మామూలు కణంలో అది ఇతర చక్కెరల కింద మరుగున ఉంటుంది. మనం తినే ఆహారంలోని లెక్టిన్లు పేగులోకి వెళ్ళి ఆ చక్కెరను పట్టుకుంటే ఏమవుతుంది? ఇదీ వారి ప్రశ్న. 1992లో వేరుసెనగ లెక్టిన్‌తో పరీక్షించారు. గాజు పళ్ళెంలో పెంచిన పేగు కాన్సరు కణాలు మరింత వేగంగా పెరిగాయి. 1993లో బజారులో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగు లెక్టిన్‌తో పరీక్షించారు. కణాల పెరుగుదల ఆగింది.

చిత్రం చూడండి. రెండు లెక్టిన్లూ పట్టుకున్నది ఆ చక్కెరనే. ఒకే గడప తొక్కిన ఇద్దరు చుట్టాలలో ఒకరు పొయ్యి రాజేశారు, ఒకరు పొయ్యి ఆర్పారు. ఎందుకని? 1999లో ఆ బృందమే ఒక కారణం చూపించింది. పుట్టగొడుగు లెక్టిన్ గడప దగ్గర ఆగలేదు. కణం లోపలికి వెళ్ళి, కేంద్రకం చుట్టూ చేరి, కేంద్రకంలోకి వెళ్ళవలసిన మాంసకృత్తులకు దారి మూసింది. కణం విభజన చెందాలంటే ఆ రాకపోకలు జరగాలి. దారి మూతపడితే పెరుగుదల ఆగుతుంది.

ఇక్కడే ఒక మాట ఉంది. డబ్బాల మీద రాసేవారు ఈ మాట రాయరు. 1993 నాటి ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది అది. పెరుగుదల ఆగడం తాత్కాలికం. లెక్టిన్ కణాలను చంపలేదు. లెక్టిన్‌ను తీసేస్తే కణాలు మళ్ళీ పెరగసాగాయి. అడ్డుకోవడం వేరు, నయం చేయడం వేరు.

వేరుసెనగ పండించే ప్రాంతాలలో ఉన్న శ్రోతలు కంగారు పడవద్దు. వేరుసెనగ తిన్నవారి రక్తంలో ఆ లెక్టిన్ చెక్కుచెదరకుండా కనిపించిందని 1998లో అదే లివర్‌పూల్ బృందం చెప్పిన మాట నిజమే. అయినా వేరుసెనగ తినేవారికి కాన్సరు ఎక్కువగా వస్తుందని జనం మీద జరిగిన పెద్ద అధ్యయనాలు చూపలేదు. గాజు పళ్ళెంలో కనిపించినదంతా మనిషిలో జరగదు. కీడుకు ఈ మాట ఎంత వర్తిస్తుందో మేలుకూ అంతే వర్తిస్తుంది. వేరుసెనగ విషయంలో నిజంగా జాగ్రత్త పడవలసింది బూజు గురించి. బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయ కాన్సరుకు కారణమవుతుందని రుజువైంది. కాయలు బాగా ఎండనిచ్చి నిలవ చేసుకోండి. బూజు పట్టిన గింజలను ఏరి పారవేయండి.

వేరుసెనగ రైతుకు మరో శత్రువు ఉంది. మొక్క మొదట్లో తెల్లని దారాల్లాగా అల్లుకుని, ఆవగింజల్లాంటి ముద్దలు కట్టి, కాండాన్ని కుళ్ళబెట్టే తెగులు మీరు చూసే ఉంటారు. దానికి కారణమైన శిలీంధ్రం పేరు స్క్లెరోషియం రోల్ఫ్‌సీ. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో బి.ఎం. స్వామి, శశికళ ఇనాందార్‌ల బృందం ఏళ్ళ తరబడి ఈ శిలీంధ్రంలోని లెక్టిన్‌ను పరిశోధించింది. తేలినదేమిటంటే, అది బటన్ పుట్టగొడుగు లెక్టిన్‌తో ఒకే కుటుంబానికి చెందినది. లివర్‌పూల్ వారు చెప్పిన ఆ చక్కెరనే ఇదీ పట్టుకుంటుంది. గాజు పళ్ళెంలోని రొమ్ము కాన్సరు కణాలను మామూలు కణాల కంటే ఎక్కువగా అడ్డుకున్నదని 2014లో ప్రచురించారు. అంతకు ముందే, 2012లో, ధార్వాడ వారు, ముంబయిలోని టాటా స్మారక కేంద్రానికి చెందిన పరిశోధకులు, లివర్‌పూల్ వారు కలిసి దాన్ని చిట్టెలుకల మీద పరీక్షించిన ఫలితాలు ఇచ్చారు. గడ్డల పెరుగుదల తగ్గింది. మన పొలాన్ని పాడుచేసే తెగులులో ఇంత సంగతి ఉన్నదంటే ఆశ్చర్యమే. కాని అదీ ఈనాటికి చిట్టెలుకల మెట్టు మీదే ఉంది.

లెక్టిన్లు కాక మరో జాతి మాంసకృత్తులు కూడా పుట్టగొడుగుల్లో ఉన్నాయి. ఇవి కాన్సరు కణాన్ని నేరుగా పట్టుకోవడం కంటే మన శరీరంలోని రోగనిరోధక కణాలను నిద్ర లేపుతాయి. వీటిలో మొదటిదాన్ని 1989లో జపానులో కినో అనే ఆయన, సహచరులు లింగ్జీ అనే శిలీంధ్రం నుంచి తీశారు. తరువాత తైవాన్ శాస్త్రజ్ఞులు సన్నని తీగల్లాంటి ఎనోకి పుట్టగొడుగులో 1995లోను, వరిగడ్డి పుట్టగొడుగులో 1997లోను అలాంటివే కనుగొన్నారు. వరిగడ్డి పుట్టగొడుగు అంటే ఒడిశాలో ఉన్న మన వారికి వేరే చెప్పాలా? దేశంలో దాన్ని ఎక్కువగా పండించేది ఆ రాష్ట్రమే. మన దేశంలో దాని సాగుకు తొలి ప్రయత్నాలు 1940లలో కోయంబత్తూరులో జరిగాయి. ఎనోకి మాంసకృత్తిని నోటి ద్వారా ఇచ్చినప్పుడు చిట్టెలుకల్లో కాలేయపు గడ్డ మీద ప్రభావం కనిపించిందని 2010లో తైవాన్ వారు రాశారు. ఇదీ ఆశ కలిగించే సంగతే. ఇదీ చిట్టెలుకల సంగతే.

ఇంతమంది ఇన్నేళ్ళు పని చేశారు గదా, మందు ఎందుకు రాలేదు అని మీరు అడగవచ్చు. మాంసకృత్తి మందు కావడంలో ఉన్న కష్టం చెబుతాను. కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది. వేడికి మాంసకృత్తి రూపు మారిందన్నమాట. చాలా మాంసకృత్తులకు రూపు పోతే పని పోతుంది. వంటలో మిగిలినదాన్ని కడుపులోని ఆమ్లమూ జీర్ణరసాలూ ముక్కలు చేస్తాయి. పోనీ సూది ద్వారా ఇద్దామంటే శరీరం దాన్ని పరాయి పదార్థంగా గుర్తించి ఎదురు తిరగవచ్చు. పైగా కాన్సరు కణాన్ని వదలకుండా, మంచి కణాన్ని ముట్టకుండా పని చేసే మోతాదు కనిపెట్టాలి.

ఇవన్నీ దాటిన మాంసకృత్తి లేకపోలేదు. 1953లో అమెరికాలో కిడ్ అనే ఆయన గినీపందుల రక్తద్రవం ఇస్తే చిట్టెలుకల్లో ఒక రకం కాన్సరు తగ్గడం చూశాడు. అందులో పని చేసినది ఆస్పరాజినేజ్ అనే మాంసకృత్తి అని 1961లో తేలింది. మందుగా అమెరికాలో అనుమతి వచ్చినది 1978లో. అంటే పాతికేళ్ళు పట్టింది. మందును గినీపందుల నుంచి కాక ఒక బాక్టీరియా నుంచి తీశారు. పిల్లల రక్త కాన్సరులో దాన్ని ఈనాటికీ వాడుతున్నారు. తినదగిన పుట్టగొడుగు నుంచి తీసిన ఏ మాంసకృత్తీ ఇంతవరకు ఆ చివరి మెట్టు ఎక్కి కాన్సరు మందుగా అనుమతి పొందలేదు. రేపు పొందవచ్చు. ఈ రోజుకైతే లేదు.

మరి పుట్టగొడుగులు కూరగా తినేవారికి కాన్సరు తక్కువగా వస్తుందా? జపానులోని మియాగి ప్రాంతంలో 36,499 మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి మూడుసార్లు, అంతకు మించి తిన్నవారిలో ప్రోస్టేట్ కాన్సరు 17 శాతం తక్కువగా కనిపించింది. కాని 2019లో అమెరికాలో లక్ష మందికి పైగా మీద జరిగిన అధ్యయనంలో పుట్టగొడుగులకూ కాన్సరుకూ సంబంధమేమీ కనిపించలేదు. పుట్టగొడుగులు ఎక్కువగా తినేవారు కూరగాయలు కూడా ఎక్కువగా తింటూ ఉండవచ్చు. మేలు దేనివల్ల జరిగిందో విడదీసి చెప్పడం కష్టం.

కనుక పుట్టగొడుగులను హాయిగా తినండి. వంద గ్రాముల పచ్చి బటన్ పుట్టగొడుగులో తొంభై గ్రాములకు పైగా నీరే అయినా, మూడు గ్రాముల దాకా మంచి మాంసకృత్తులు ఉన్నాయి. కొవ్వు అతి స్వల్పం. అయితే అడవిలో, దిబ్బల మీద మొలిచినవాటిని గుర్తు తెలియకుండా కోయవద్దు. కొన్ని విషపు పుట్టగొడుగుల విషం ఉడికించినా పోదు. తిన్న కొన్ని గంటల దాకా ఏమీ తెలియనివ్వక, తరువాత కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వెండి నాణెం నల్లబడితే విషమని, పురుగు తింటే మంచిదని చెప్పే గుర్తులను నమ్మవద్దు.

ఇక చివరి మాట. శరీరంలో తగ్గని పుండు, చేతికి తగిలే గడ్డ, కారణం లేని రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయకండి. బెంగళూరులో కిద్వాయి, చెన్నైలో అడయారు, ముంబయిలో టాటా, కటక్‌లో ఆచార్య హరిహర్, హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రులు ఉన్నాయి. యానాం వారికి పుదుచ్చేరిలో జిప్‌మర్ ఉంది. చికిత్స పొందుతున్నవారు ఏ పొడి తీసుకుంటున్నా సరే, ఆ డబ్బా తీసుకువెళ్ళి డాక్టరుకు చూపించండి. ఇచ్చే మందులతో అది పొసగుతుందో లేదో వారే చెప్పాలి.

మనలో చదువుకున్నవారికి ఇంకొక మనవి. సరిహద్దు ఊళ్ళలో రెండు మూడు భాషల మధ్య బతికే మనవాళ్ళు మందు చీటీ, డబ్బా, ఆసుపత్రి కాగితం చదివించుకోవడానికి మన దగ్గరికే వస్తారు. అక్షరాలు చదివి ఊరుకుంటే సరిపోదు. పరిశోధనలో తేలింది అని రాసి ఉంటే, ఎక్కడ తేలింది, గాజు పళ్ళెంలోనా, చిట్టెలుకలోనా, మనిషిలోనా అని అడగండి. మనకు తెలియకపోతే, నాకు తెలియదు, పదండి ఆసుపత్రిలో అడుగుదాం అని చెప్పండి. ఆ సాయంకాలం ఆ తాతకు నేను చెప్పవలసిన మాట అదే.